జాతి అనే గడి

హన్మకొండ పశువుల దవాఖానల
ఇరవై తొమ్మిదేండ్లు కాంపౌండరు కొలువు నాది.
రిజిస్టరుల గడులు వరుసగా:
తేదీ, యజమాని, ఊరు, జంతువు, జాతి, రోగం.
జాతి దగ్గర పెన్ను ఎన్నడూ ఆగకపోయేది.
బర్రె, ముర్రా. బర్రె, నాటు. ఎడ్ల జత, నాటు.
మేకల కైతే ఆ గడి ఖాళీనే.

ఎనభై ఏడుల, ముసురుపట్టిన ఓ పొద్దున
కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి
గార్డు భార్య డోరీన్ మేడమ్
బుట్ట మూత తీసి
తెల్లటి ముద్దొకటి బల్ల మీద పెట్టింది.
దూది అనుకున్న.
మొరిగింది.
జాతి అడిగితే ఏదో చెప్పింది.
నాకు వినబడ్డట్టే రాసుకున్న: పామోలిన్.
అప్పుడు రేషన్ షాపుల దొరికే నూనె అదే మరి.

డాక్టర్ సారు ఎర్ర సిరాతోని కొట్టేసి
కడుపు పట్టుకొని నవ్విండు.
పామేరియన్ రా, అన్నడు.
ఎక్కడో సలి సముద్రం ఒడ్డున దీని ముత్తాతలు
మంచు మీద బండ్లు గుంజినయట,
గొర్రెంత ఉండేటియట.
ఒడిల పట్టే కుక్క కావాల్నని ఓ రాణి ముచ్చటపడితే
చిన్నదానికి చిన్నదాన్నే జతకట్టి, మళ్ల చిన్నదాన్నే జతకట్టి
ఇంత చేసిన్రట.
మళ్ల ఆయనే గొంతు తగ్గించి,
నిజానికి ఇది అది కూడ కాదు, అన్నడు.
దొరలెంట వచ్చిన ఇంకో కుక్క, దానికి చుట్టం.
పేరు మాత్రం మనం పెట్టుకున్నదే.
మరి గడిల ఏం రాయాలె సార్?
యజమాని ఏం చెప్తే అది రాయి.

మనుషుల రిజిస్టర్లల్ల
ఇంత సులువుగ ఎవ్వరూ రాయరు.

ఆ యేడే ఐదు పిల్లలు.
సుబేదారి బ్యాంకు మేనేజరుకొకటి,
గిర్మాజీపేట బట్టల సేటుకొకటి,
మిర్చి అడ్తీ దుకాణానికొకటి,
చౌరస్తా ఫోటో స్టూడియోకొకటి.
అది పదేండ్లు
ఎవరెవరివో పుట్టినరోజు ఫోటోల్ల కూసున్నది,
మనిషికి ఐదు రూపాయల కిరాయికి.
ఇంక సూడాలె నా రిజిస్టరు!
స్నోయీ, పింకీ, జూలీ, మళ్ల జూలీ.
గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని పలక,
గేటెనుక రెండు బన్ను రొట్టెలంత జీవి.
మే నెలల తడి గోనెసంచి మీద, షాబాదు బండ మీద
నాలుక ఏలాడేసుకొని
ఎరగని మంచును ఎగబీల్చేది.

ఐదోది, అన్నిట్ల బక్కది,
కొత్తవాడ జంపఖానాల చిప్ప ఐలమల్లుకు.
డబ్బులిచ్చి కొన్నది కాదు, ఎవరూ వద్దన్నరు.
మగ్గం గుంటల ఆయన కాళ్ల కాడ్నే పండేది.
బొచ్చు రాలి పోగుల్ల చిక్కుకుంటె
భార్య తిట్టుకుంట ఏరేది.
ఏరి ఏరి యాష్టకొచ్చి
ఓనాడు పత్తిల కలిపి వడికిందట.
దానికి పార్వో వచ్చి
మూడు రాత్రులు సెలైన్ పెట్టి బతికించినందుకు
ఫీజు కింద జంపఖానా తెచ్చిండు,
నీలం, ఎరుపు పట్టీలు, నడుమ సన్నగ ఓ తెల్ల గీత.

తర్వాత టీవీల
ఫోన్ కంపెనీ ముడుతల మూతి కుక్కొకటి వచ్చింది.
రెండేండ్లల్ల నా గడి నిండ పగ్గులే.
తర్వాత లాబ్రడార్లు, షిట్జూలు.
స్పెల్లింగులు పిల్లలే ఫోన్ల సూపెడుతున్నరు.
పామేరియన్ అని ఆఖరుసారి ఎప్పుడు రాసిన్నో
యాదికి లేదు.
గేట్లు మెల్లగ తెరుచుకున్నయి కావచ్చు.

మొన్న, రిటైరయినంక,
ఎనుమాముల మార్కెట్టుకు పోయిన.
ఎర్ర మిర్చి బస్తాల మధ్యల
గోధుమరంగు వీధికుక్కొకటి తుమ్ముకుంట లేచింది.
బక్క కాళ్లు, తెగిన చెవి,
వెనుక మాత్రం, ఎవరో మరిచిపోయినట్టు,
విసనకర్ర లాంటి గుబురు తోక
వీపు మీదికి మడత.

జేబుల పెన్నుండె.
జంతువు: కుక్క.
తర్వాతి గడి కాడ నిలబడ్డ కాసేపు.
అది నన్ను వాసన చూసి
టీ కొట్టు దిక్కు పోయింది.